అంతోనివారి కడుపులో ఉంగరం

ఆదివారం పొద్దున మర్లూసి చేతిలో చీపురో తడిగుడ్డో లేకపోతే ఆ పిల్లకి తోచదు. పిల్ల అంటున్నానేగానీ నలభై దాటిన మనిషి, బళ్ళో పంతులమ్మ. పెళ్ళి చేసుకోలేదు. తల్లి ఎఫిజేనియా, తను, ఇద్దరే ఆ ఇంట్లో. తల్లి తెల్లవారుజాము పూజకని గుడికి వెళ్ళింది. పొయ్యిమీద చిక్కుడుగింజలు ఉడుకుతున్నాయి. మర్లూసి చనిపోయిన నాన్న టోపీ దులిపి మేకుకి తగిలించింది. ఆయన నది ఇసక జల్లించిన జల్లెడ తుడిచి గోడకి ఆనించింది. అంతోనివారి పండగ దగ్గర పడుతోందని ఆ పునీతుడి చెక్కబొమ్మని కూడా గూటిలోంచి దించింది.

దించేసరికి లోపల ఏదో గలగలమంది.

వజ్రాలు దొరికే మా దియమంతీనా ఊళ్ళో పాత చెక్కబొమ్మలకి వీపు బోలు. ముత్తాతల కాలంలో రాజుగారి సుంకానికి దొరక్కుండా వజ్రాలు పునీతుల కడుపుల్లో దాచి ఊరు దాటించేవాళ్ళు. అందుకని బొమ్మ గలగలమంటే మా ఊరి పిల్లలు ఎలక అనుకోరు. మర్లూసి కూరల కత్తితో వీపుమీది చెక్క ఊడదీసింది. రుమాలు ముక్క పడింది. అందులో బంగారు ఉంగరం, దానిమీద పెసరగింజంత తెల్లరాయి. కిటికీ వెలుతురు తగలగానే అది గోడమీద రంగులు చల్లింది.

మర్లూసి నేలమీద చతికిలబడిపోయింది. "నాన్నా! దాచావా? మాకు చెప్పకుండా దాచావా?" అని బొమ్మని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

ఆమె అలా అనుకోవడంలో తప్పు లేదు. తండ్రి ఒరోజింబు బతుకంతా నదిలో నడుములోతు నీళ్ళల్లో నిలబడి రాళ్ళు వెతికినవాడు. అన్నం దగ్గర కూచున్నప్పుడల్లా ఒకటే మాట. "ఎఫిజేనియా, ఈసారి దొరికిన రాయి అమ్మను. అది నీ వేలికే." రాయి దొరికేది, సాయంత్రానికల్లా కొనేవాడి సంచిలోకి పోయేది. వజ్రాలు తవ్వినవాళ్ళ ఆడవాళ్ళ వేళ్ళకి వజ్రం ఉండటం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. మాకు పెళ్ళి ఉంగరమంటే నల్లటి కొబ్బరిచిప్పమీద సన్నగా బంగారం పొదిగినదే. అలాంటివి రెండు ఎఫిజేనియా ఎడమచేతి వేలికి ఉన్నాయి. ఒకటి తనది, ఒకటి పోయిన మొగుడిది. విధవరాలు మొగుడి ఉంగరం కూడా తనే పెట్టుకోవడం మా వైపు ఆచారం.

మర్లూసి కళ్ళు తుడుచుకుని కిటికీ తలుపులు బార్లా తెరిచింది. ఎదురింటి జెనోబియా పూలకుండీలకి నీళ్ళు పోస్తోంది.

"పిన్నీ! మా నాన్న మాట నిలబెట్టుకున్నాడు!"

"ఆరేళ్ళ కిందట పోయిన మనిషి ఇవాళ ఏం నిలబెట్టుకున్నాడే?"

"అమ్మకి వజ్రపుటుంగరం! అంతోనివారి కడుపులో దాచి ఉంచాడు!"

"అమ్మా మరియమ్మా!" అంది జెనోబియా. నీళ్ళచెంబు అక్కడే వదిలేసింది. ఇక ఆ వార్తకి కాళ్ళెందుకు? జెనోబియా ఉంది చాలు.

ఎఫిజేనియా గుడి నుంచి ఎత్తెక్కి వస్తుంటే దారిపొడుగునా ఆడవాళ్ళు వాటేసుకోవడం మొదలెట్టారు. "అదృష్టవంతురాలివి తల్లీ!" "మా ఆయన పోతే అప్పులు దొరికాయి, మీ ఆయన పోతే వజ్రం దొరికింది!" ఏమిటో అర్థం కాక, నవ్వలేక నవ్వుతూ గడప దాటింది. బల్లమీద తెల్లటి సాసరు, సాసర్లో ఆ ఉంగరం. చూడగానే ఆమె తలమీది ముసుగు తియ్యడం కూడా మరిచిపోయింది.

ఎందుకంటే ఆ ఉంగరం ఒరోజింబుది కాదు. పోయిన నెల బెలర్మీనో ఇచ్చాడు.

బెలర్మీనో అంటే తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఊరి బ్యాండులో పెద్ద బాకా ఊదుతాడు. ఒరోజింబుకి స్నేహితుడు. భార్య పోయి చాలాకాలమైంది. రొట్టెల కొట్టు దగ్గర సాయంత్రాలు ఎదురుపడి, సంచి మోసిపెట్టి, ఆదివారం భోజనానికి రావడం అలవాటైంది. ఒకరోజు ఎఫిజేనియా చిక్కుళ్ళు ఏరుతుంటే జేబులోంచి ఆ ఉంగరం తీశాడు. "సీరియల్లో అబ్బాయిలు మోకాళ్ళ మీద కూచుని అడుగుతారు జేనియా. నేను కూచుంటే లేపడానికి బ్యాండు బ్యాండంతా రావాలి. అందుకే నిలబడే అడుగుతున్నా" అన్నాడు. ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "చూస్తాను" అని తీసుకుంది.

తీసుకుంది సరే, ఎక్కడ పెట్టుకుంటుంది? మా వైపు సంబంధం ఖాయమైతే ఉంగరం కుడిచేతికి పెట్టుకుంటారు. పెళ్ళినాడు అదే ఎడమచేతికి మారుతుంది. ఆ వయసులో కుడిచేతికి ఉంగరంతో బజారుకి వెడితే మధ్యాహ్నానికల్లా ఊరికి తెలుస్తుంది. ఊరికంటే ముందు కూతురికి తెలుస్తుంది. అందుకని ఆ ఉంగరానికి ఇంట్లో నిలకడ లేకుండా పోయింది. బియ్యం డబ్బాలో ఒకరోజు, తలదిండు కింద ఒకరోజు, దుప్పట్ల మడతల్లో ఒకరోజు. ఆఖరికి, "పెళ్ళిళ్ళు కుదిర్చేది నువ్వేగా, నువ్వే దాచు" అని అంతోనివారి వీపులో పెట్టేసింది.

"అమ్మా, చూశావా?" మర్లూసి మొహం దీపంలా ఉంది. ఒరోజింబు పోయాక ఆ మొహంలో అంత వెలుగు ఎఫిజేనియా చూడలేదు.

"ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు." కూతురు ఆ ఉంగరాన్ని ఎడమచేతికి, ఆ రెండు కొబ్బరి ఉంగరాల పైన తొడగబోయింది. కణుపు దగ్గర ఆగిపోయింది. "చూడు, ఈ మగాళ్ళకి పెళ్ళాం వేలు కొలత కూడా తెలీదు! రేపు కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి సాగదీయిస్తాను."

"మర్లూసీ, ఒక్కసారి కూచో."

"కూచోడానికి తీరికేదమ్మా? జెనోబియా పిన్ని వాళ్ళ అక్కని తీసుకొస్తానంది. కాఫీ పెట్టాలి. నాన్న ఫొటోకి పూలు పెట్టాలి."

"నేను చెప్పేది విను..."

"మధ్యాహ్నం చెబుదువుగానీ!" అని పెరట్లోకి పరిగెత్తింది. వచ్చింది, మళ్ళీ పోయింది. ఎవరో తలుపు కొట్టారు, ఎవరో సాసరు చేతిలోకి తీసుకుని చూశారు, ఎవరో కళ్ళు ఒత్తుకున్నారు. ఎఫిజేనియా పొయ్యి దగ్గర నిలబడి మొక్కజొన్న సంకటి కలుపుతూ కలుపుతూ అడుగంటించింది. ఎన్నడూ ఎరగదు ఆ పని.

పన్నెండింటికి బెలర్మీనో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఒక చేతిలో జున్నుముద్ద, ఇంకో చేతిలో జామ హల్వా.

"సమయానికి వచ్చారు బెలర్మీనో గారూ! మా నాన్న ఏం చేశాడో చూడండి!" అని మర్లూసి ఆయన రెక్క పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కుపోయింది. అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పింది. బొమ్మ గలగలమనడం, రుమాలు ముక్క, నాన్న మాట.

ఆయన సాసర్లోకి చూశాడు. తలెత్తి ఎఫిజేనియా వైపు చూశాడు. ఆమె చేతిలో గరిటె కదలటం లేదు. కళ్ళు మాత్రం, నేను చెప్పలేకపోయాను, ఏం చెయ్యను అంటున్నాయి.

బెలర్మీనో ఉంగరం తీసి వెలుతుర్లోకి తిప్పి చూశాడు. రాయిమీద పడ్డ తన వేలిముద్రని చొక్కా అంచుతో తుడిచి, మెల్లిగా సాసర్లో పెట్టేశాడు.

"అవునమ్మా. ఒరోజింబు అలాంటివాడే. బ్యాండు దగ్గరికొచ్చినా అదే మాట చెప్పేవాడు. మా ఆవిడ వేలికి వజ్రం పెడతాను, మీరంతా ఆ రోజు వాయించాలి అనేవాడు."

"నిజంగానా? ఇంకా ఏమనేవాడు?"

ఆయన చెప్పాడు. బెండకాయ వేసిన కోడికూర పళ్ళెంలో చల్లారిపోతుంటే, తన ఉంగరం పక్కనే కూచుని, చచ్చిపోయిన స్నేహితుడి కబుర్లు ఒక్కొక్కటీ ఆ పిల్లకి తినిపించినట్టు చెప్పాడు. కాసేపటికి ఆయన కుర్చీ జరిపి లేచాడు.

"వెళ్ళొస్తా. సాయంత్రం వాయించాలి."

ఆ సాయంత్రం బ్యాండు లేదు. మర్లూసికి తెలీదు, ఎఫిజేనియాకి తెలుసు. ఆయన టోపీ పెట్టుకుని గుమ్మం దాటితే మరి రాడని కూడా తెలుసు.

"కూచో బెలర్మీనో," అంది.

మర్లూసి చప్పున తలెత్తింది. తల్లి ఆయన్ని 'కూచో' అనడం ఎన్నడూ వినలేదు.

"ఆ ఉంగరం మీ నాన్నది కాదు మర్లూసీ. ఇతను ఇచ్చాడు. నాకిచ్చాడు."

మర్లూసి ముందు నవ్వింది. ఎవరూ తనతోపాటు నవ్వకపోయేసరికి ఆ నవ్వు మొహంమీదే ఎండిపోయింది.

"నాన్న బొమ్మలో... ఈయన ఉంగరమా?"

"ఆ బొమ్మ మీ నాన్నదేం కాదు, మా అమ్మ నాకిచ్చింది."

"ఇప్పుడు బొమ్మ ఎవరిదని అడిగానా? పొద్దుటినుంచీ నేను కిటికీలోంచి అరుస్తుంటే, వీధిలో వాళ్ళంతా వచ్చి చూస్తుంటే, నోరు మూసుకుని సంకటి కలుపుతూ కూచున్నావా?"

"నీ మొహం చూసి నోరు రాలేదే."

"నెలరోజులూ రాలేదా? పక్క పక్కనే పడుకుంటున్నాం కదమ్మా!" గభాలున ఆయన వైపు తిరిగింది. "మీరూ సరే అన్నారే! మా నాన్నే ఇచ్చాడన్నట్టు మాట్లాడారే!"

బెలర్మీనో టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు. "మీ నాన్న ఇచ్చాడనుకుని నువ్వు అంత సంతోషంగా ఉంటే, నాకు పోయేదేముందమ్మా? ఉంగరం చేరాల్సిన ఇంటికే చేరిందిగా."

ఆ మాటకి ఎఫిజేనియా మొహం తిప్పుకుంది. మర్లూసి మాత్రం గది ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతోంది, కుర్చీ పట్టుకుంటోంది, వదిలేస్తోంది.

"అయితే నాన్న ఆడింది అబద్ధమన్నమాట. బతుకంతా. ఈసారి నీకే, ఈసారి నీకే అని. ఒక్కసారి కూడా ఇవ్వలేదు. నేనే పిచ్చిదాన్ని, ఆ టోపీ దులుపుకుంటూ కూచున్నా!"

"ఇచ్చాడు," అంది ఎఫిజేనియా.

మర్లూసి తిరగడం ఆపింది.

"ఒకసారి ఇచ్చాడు. నీకు మూడేళ్ళొచ్చినా నడక రాలేదు. తుంటి ఎముక చోటు తప్పి ఉందన్నారు. ఆ రోజుల్లోనే, దీనికంటే పెద్ద రాయి, మీ నాన్నకి దొరికింది. కొనేవాడి దగ్గరికి పోలేదు, తిన్నగా ఇంటికి తెచ్చాడు. ఒంటినిండా బురద. అదిగో, ఆ గుమ్మంలో నిలబడి నా అరచేతిలో పెట్టాడు. 'పద, కంసాలి దగ్గరికి పోదాం' అన్నాడు. నువ్వు నేలమీద పాక్కుంటూ వచ్చి నా గౌను అంచు పట్టుకున్నావు. నేను రాయి తిరిగి ఆయన చేతిలో పెట్టేసి, 'కంసాలి దగ్గరికి కాదు, బెలో ఒరిజోంతి పట్నం పోదాం, పెద్ద డాక్టరు దగ్గరికి' అన్నాను."

"ఆపరేషను గుడివాళ్ళు చేయించారన్నారు కదా?"

"అలా చెప్పమంది మీ నాన్నే. పిల్ల మనసుమీద బరువు పెట్టకు అన్నాడు. అంత పెద్దది మళ్ళీ దొరకలేదు. అయినా ఆ మాట అంటూనే ఉండేవాడు. అనకపోతే పొద్దున్నే ఆ చన్నీళ్ళల్లో దిగలేడు. నేను అననిచ్చాను. నాకది అబద్ధం కాదు పిల్లా. ఆయన ఇచ్చాడు, నేనే పుచ్చుకోలేదు. పుచ్చుకోనందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు. నువ్వు మొదటిసారి ఈ గదిలో అడుగులేస్తుంటే, అదిగో నా వజ్రం అన్నాడు మీ నాన్న."

మర్లూసి కుర్చీలో కూచుంది. అరచెయ్యి తెలీకుండానే తుంటిమీదికి పోయింది. తర్వాత చిన్నపిల్లలా అడిగింది.

"ఈయన్ని చేసుకోవాలని ఉందా నీకు?"

"ఉంది. భయంగానూ ఉంది." ఎఫిజేనియా ఎడమచెయ్యి చూపించింది. "ఈ రెండూ మాత్రం తియ్యను. అది ఇద్దరికీ చెబుతున్నా."

"తియ్యమని ఎవరన్నారు?" అన్నాడు బెలర్మీనో. "ఒరోజింబు పక్కన నాకు ఇరుకైతే వేరే చేతికి ఉంటాను. వాడితో నాకు పేచీ ఎప్పుడూ లేదు."

మర్లూసికి అప్పుడు వచ్చింది అసలైన ఏడుపు. తల్లి నడుం చుట్టూ చేతులేసి, ఏప్రనులో మొహం దాచుకుని, "నాకు ఎందుకు చెప్పలేదమ్మా, రెండూ ఎందుకు చెప్పలేదు" అని వెక్కివెక్కి ఏడ్చింది. ఎఫిజేనియా ఆమె జుట్టు నిమురుతూ, "తప్పేనమ్మా, తప్పే" అంటూ ఉండిపోయింది. బెలర్మీనో ఎటు చూడాలో తెలీక జామ హల్వాని ముక్కలు కోస్తూ కూచున్నాడు.

తలుపు కొట్టారు. బయట జెనోబియా గొంతు. "మర్లూసీ, మా అక్కని తీసుకొచ్చానే! ఏదీ మీ నాన్న ఉంగరం?"

మర్లూసి కళ్ళు తుడుచుకుని లేచింది. సాసరు తీసింది. తల్లికి కాదు, బెలర్మీనోకి ఇచ్చింది. "చూస్తారేం? పెట్టండి. త్వరగా."

ఆయన హల్వా అంటిన వేళ్ళు చొక్కాకి తుడుచుకున్నాడు. ఉంగరం ఆమె కుడిచేతి వేలికి ఇట్టే దిగిపోయింది.

మర్లూసి తలుపు తీసింది. గుమ్మంలో నలుగురైదుగురు ఆడవాళ్ళు, వెనక ఇంకెవరో పిల్లని చంకనేసుకుని.

"మా నాన్న ఉంగరం కాదు పిన్నీ, నేనే పొరపాటు పడ్డాను," అంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "మా అమ్మ ఉంగరం. లోపలికి రండి. కుడిచేతికి ఉంది, చూద్దురుగాని."

లోపల ఎఫిజేనియా ఆ చెయ్యి ఏప్రను కింద దాచుకోబోయింది. సగంలో ఆగి, తీసి బల్లమీద అందరికీ కనబడేట్టు పెట్టింది.