దారికి అడ్డంగా రాళ్లు

"దిగింది! దిగింది! కాలు కింద పెట్టేసింది!"

నత్త చప్పట్లు కొట్టాడు. పిడుగుకి ఒళ్లు మండిపోయింది. కొండ ఎక్కే దారిలో ఒక కాలు పెడల్ మీద, ఇంకో కాలు నేల మీద పెట్టి ఆయాసపడుతోంది. సైకిల్ వెనక చక్రం కింద గులకరాళ్లు జరజరా జారిపోతున్నాయి.

"నవ్వింది చాల్లే! నువ్వసలు ఎక్కనేలేదుగా!" అంది.

"నేను ఎక్కుతాననలేదుగా," అన్నాడు నత్త తాపీగా.

ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. ఇద్దరూ ఐదో క్లాసు. వాళ్ల అసలు పేర్లు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తురావు. ఆ అమ్మాయి ఏ పనైనా ధనాధనా చేసేస్తుంది. అన్నం తినడం, లెక్కలు చెయ్యడం, ఆ లెక్కల్లో తప్పులు చెయ్యడం కూడా. అందుకే పిడుగు. ఈ అబ్బాయి సైకిల్ మీద వెళ్తూ చీమల బారు కనిపిస్తే చాలు, ఆగి, అవి ఎక్కడికి వెళ్తున్నాయో చూస్తేగానీ కదలడు. అందుకే నత్త.

ఈసారి మాత్రం పిడుగు తొందరకి పెద్ద కారణమే ఉంది. వాళ్లమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆమె పనిచేసే వార్డు కిటికీలోంచి ఈ కొండ కనిపిస్తుంది.

"రోజూ ఆ కొండనే చూస్తుంటాను. అక్కడినుంచి మా కిటికీ ఎలా కనిపిస్తుందో ఒక్కసారి చూడాలనుంటుంది," అంది అమ్మ ఒకరోజు.

"అయితే వెళ్దాం పద! నీకూ గేర్ సైకిల్ ఉందిగా!" పిడుగు ఎగిరి గంతేసింది.

"నా మొహం! రోజంతా నిలబడే ఉద్యోగం నాది. ఆ ఎత్తులో సైకిల్ తోసుకుంటూ ఎక్కడం నా వల్ల కాదు తల్లీ. హాయిగా తొక్కుకుంటూ వెళ్లే దారి ఉంటే చెప్పు, వస్తాను."

అమ్మకి ఆదివారం సెలవు దొరకడమంటే మాటలు కాదు. ఈ నెలలో దొరికింది ఒక్కటే. అది ఈ వారమే.

అందుకని రోజూ బడి కాగానే ఇద్దరూ దారుల వేటలో పడ్డారు. కొండకి ఎదురుగా ఉన్న దారి నిట్టనిలువు. దాని సంగతి చూశాం కదా. రెండో దారిలో సగం దూరం మెట్లున్నాయి. మూడో దారిలో ముళ్లకంపలు. నత్త సైకిల్ ముందు చక్రం "ఉస్స్" అంది. పంక్చర్ వేయించుకోవడానికి సాయంత్రమంతా సరిపోయింది.

బుధవారం నాడు నీళ్ల ట్యాంకు వెనక నత్త మళ్లీ ఆగాడు.

"ఏంట్రా, మళ్లీ చీమలా?" పిడుగు విసుక్కుంది. "ఆలస్యం అమృతం విషం!"

"నిదానమే ప్రధానం," అన్నాడు నత్త. "అక్కడ గడ్డి చూడు. మధ్యలో పాపిడి తీసినట్టు సన్నగా దారి లేదూ?"

నిజమే! సైకిల్ చక్రం పట్టేంత సన్న దారి. గడ్డిలోంచి బయల్దేరి, పొదల వెనక్కి వెళ్లి, కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పోతోంది. పిడుగు గేరు మార్చి తొక్కడం మొదలుపెట్టింది. ఎక్కుతున్నట్టే లేదు! ఒక మలుపు, ఇంకో మలుపు. వెనక్కి తిరిగి చూస్తే ఇళ్ల కప్పులన్నీ కిందున్నాయి.

"నక్కతోక తొక్కాంరా! ఇది అమ్మ కోసమే పుట్టిన దారి!" అని అరిచింది.

అరుపు పూర్తయిందో లేదో, "ధడ్!" మని సైకిల్ ఎగిరిపడింది. పళ్లు టకటకలాడాయి.

దారికి అడ్డంగా ఒక పలక రాయి. సగం మట్టిలో పాతుకుని, సగం పైకి ఉంది. కొంచెం ముందుకి వెళ్తే ఇంకొకటి. ఆ మలుపు దాటితే మరొకటి. పైదాకా ఇదే వరస.

"ఈ రాళ్లెవరు పడేశారు ఇక్కడ? అమ్మ మొదటి రాయి దగ్గరే దిగి ఇంటికి పోతుంది," అంది పిడుగు మొహం మాడ్చుకుని.

నత్త ఒక రాయి పక్కన గొంతుక్కూచున్నాడు. తల అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. "పడేసినట్టు లేవే. అన్నీ ఏటవాలుగా ఉన్నాయి. అన్నీ లోయ వైపుకే తిరిగున్నాయి. ఎవరో కావాలని పెట్టినట్టున్నారు. ఎవరినైనా అడుగుదామా?"

"ఎవర్ని అడుగుతావు? రాళ్లనా?"

నత్త లేచి సైకిల్ తీశాడు. పిడుగు ఒకటి అనుకుందంటే దాన్ని ఆపడం ఎవరితరమూ కాదని అతనికి తెలుసు.

గురువారం పిడుగు ఇంట్లోంచి ఇనపకడ్డీ తెచ్చింది. రాయి కింద కడ్డీ దూర్చి, బలమంతా పెట్టి ఎత్తి, దొర్లించి పొదల్లోకి తోసేసింది. నత్త సాయం పట్టలేదు, ఆపనూ లేదు. చెట్టు కింద కూర్చుని గడ్డిపరక నములుతూ చూస్తూ ఉండిపోయాడు. చీకటి పడేలోగా రాళ్లన్నీ పోయాయి. పై మలుపు దగ్గరి మొండి రాయి ఒక్కటే కదల్లేదు. "పోనీలే, ఒక్కదానికి అమ్మ ఏమీ అనదు," అని దాన్ని వదిలేసింది.

ఆ తర్వాత సైకిల్ ఎక్కి చూస్తే, అబ్బ! వెన్నపూస మీద జారినట్టుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పిడుగు దారి గురించి చెప్తూనే ఉంది. అన్నం చల్లారిపోయినా గమనించలేదు.

"నిజంగానా? ఒక్కసారి కూడా దిగక్కర్లేదా?" అమ్మ కళ్లు మెరిశాయి. అలమర వెనకనుంచి పంపు తీసి, తన సైకిల్ చక్రాలకి అప్పుడే గాలి కొట్టింది. అమ్మ అలా హుషారుగా ఉండడం చూసి పిడుగుకి ఏనుగెక్కినంత సంబరమైంది.

శుక్రవారం సాయంత్రం మబ్బు పట్టింది. రాత్రి వాన దంచికొట్టింది. పిడుగు దుప్పటి ముసుగేసుకుని హాయిగా నిద్రపోయింది. వాన గురించి ఆలోచించాలని ఆమెకేం తెలుసు?

శనివారం ఒంటిపూట బడి. ఇంటికెళ్లి అన్నం తినగానే పిడుగు, నత్త కొండ దగ్గరికి పోయారు. నీళ్ల ట్యాంకు వెనక గడ్డి దాటి, మొదటి మలుపు తిరిగారు.

పిడుగు టక్కున ఆగిపోయింది.

దారి లేదు. దారి ఉన్నచోట కాలువ ఉంది. పైనుంచి పరుగెత్తిన నీళ్లు దారి మధ్యలోంచే పోయి, మట్టినంతా కోసుకుని వెళ్లిపోయాయి. చక్రం పెడితే సగం దాకా దిగేంత లోతు. చెట్ల వేళ్లు బయటపడి వేలాడుతున్నాయి.

రెండో మలుపు దగ్గర మనుషుల మాటలు వినిపించాయి. బడిలో ఆటలు నేర్పే టీచర్ అక్కడున్నారు. మెళ్లో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంటుంది కాబట్టి పిల్లలు ఆవిణ్ని విజిల్ టీచర్ అంటారు. ఆవిడతో పాటు పై క్లాసుల పిల్లలు కొందరు పారలు పట్టుకుని నీరసంగా నిలబడ్డారు.

"మీరేంటి టీచర్ ఇక్కడ?" అంది పిడుగు.

"మా దారేగా ఇది! రెండేళ్లుగా శనివారం శనివారం తవ్వుతున్నాం. కొండ పని ఉంది, ఎవరొస్తారు అని క్లాసులో అడిగితే, మట్టి పనికి నేను రానన్నావు. గుర్తుందా?" విజిల్ టీచర్ నవ్వబోయి, దారి వైపు చూసి ఆగిపోయారు. "ఎవరో రాళ్లన్నీ ఎత్తుకెళ్లారమ్మా. ఇల్లు కట్టుకోడానికి కాబోలు. వాళ్లకి తెలియదు పాపం."

నత్త పిడుగు వైపు చూశాడు. నోరు మాత్రం విప్పలేదు.

పిడుగు కూడా నోరు విప్పకపోతే సరిపోయేది. ఎవరో ఎత్తుకెళ్లారు, అంతే! కానీ ఆ అక్కలు, అన్నల మొహాలు చూసింది. ఒక అక్క కాలువలోకి దిగి, ఒట్టి చేతుల్తో మట్టి పైకి తోస్తోంది.

"ఎవరూ ఎత్తుకెళ్లలేదు టీచర్. నేనే తీసేశాను." కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "మా అమ్మ రేపు వస్తుందని. రాళ్లుంటే కుదుపులొస్తాయని. నత్త అడుగుదామన్నాడు. నేనే వినలేదు."

కాలువలో ఉన్న అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని పిడుగుని ఎగాదిగా చూసింది. "రెండేళ్ల పని!" అంది కోపంగా. ఆ కోపం న్యాయమైనదే కాబట్టి పిడుగు తల వంచుకుంది.

విజిల్ టీచర్ దారి పైకి చూశారు. "అన్నీ తీసేశావా?"

"పైన ఒక్కటి రాలేదు టీచర్. మొండిది."

"పద, దాన్ని చూద్దాం."

పై మలుపు దగ్గర మొండి రాయి ఉన్నచోటే ఉంది. దాని పైనుంచి వచ్చిన నీళ్ల చార రాయి దాకా వచ్చి, రాయి వాలు వెంట పక్కకి తిరిగి, లోయలోని పొదల్లోకి వెళ్లిపోయింది. రాయికి దిగువన దారి చెక్కుచెదరలేదు. టీచర్ తన నీళ్ల సీసాని మూత తీసి పిడుగు చేతికిచ్చారు. పిడుగు రాయికి కొంచెం ఎగువన దారి మీద నీళ్లు పోసింది. నీళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి, రాయికి తగిలి, చెప్పిన మాట విన్నట్టు పక్కకి తప్పుకున్నాయి.

పిడుగు ఆ నీళ్లనే చూస్తూ నిలబడింది. తర్వాత పొదల్లోకి దిగింది. తను దొర్లించిన రాళ్లని వెతికి వెతికి పట్టుకుంది. తోసేటప్పుడు చిటికెలో పని. పైకి తేవాలంటే ఒక్కో రాయికీ ఇద్దరు కావాల్సి వచ్చింది. రెండో మనిషి నత్త. మోచేతులు గీరుకుపోయాయి, గౌనంతా మట్టి. కాసేపటికి కోప్పడిన అక్క కూడా దిగి ఒక చెయ్యి వేసింది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనేమోరా," అంది పిడుగు రొప్పుతూ.

"ఆకులు కాదు, రాళ్లు," అన్నాడు నత్త. అక్క కిసుక్కున నవ్వింది.

ప్రతి రాయీ పెట్టాక పిడుగు సీసాతో నీళ్లు పోసి చూసింది. నీళ్లు సరిగ్గా తిరగకపోతే రాయి తీసి మళ్లీ పెట్టింది. టీచర్ సరేనన్నా ఊరుకోలేదు. సాయంత్రానికి రాళ్లన్నీ కుదురుకున్నాయి. పై సగంలో కోత తక్కువ, అక్కడ మట్టి నింపేశారు. కింది మలుపుల దగ్గరి కాలువ మాత్రం అలాగే మిగిలిపోయింది. అది పూడాలంటే ఎన్నో శనివారాలు పడతాయి.

"పైన రేపటికి ఆరుతుంది, తొక్కొచ్చు," అన్నారు టీచర్. "వాన పడితే మాత్రం సైకిల్ ఎక్కకండి. తడి మట్టిలో చక్రం దిగితే గాడి పడుతుంది. నీళ్లు దాన్ని పట్టుకునే పోతాయి."

ఆ రాత్రి పిడుగు అమ్మకి జరిగిందంతా చెప్పింది. "కింద కొంత దూరం నువ్వు తోసుకుంటూనే నడవాలమ్మా. నా వల్లే. రానంటే రావద్దులే."

గీరుకుపోయిన పిడుగు మోచేతులకి అమ్మ మందు రాసింది. తర్వాత, "పొద్దున్నే లేపుతాను, లేవకపోతే వదిలేసి పోతాను," అంది.

ఆదివారం పొద్దున అమ్మ, పిడుగు, నత్త కాలువ పక్కనుంచి సైకిళ్లు తోసుకుంటూ నడిచారు. అమ్మ ఆయాసమొచ్చి రెండుసార్లు ఆగింది. అమ్మ ఆగినప్పుడల్లా పిడుగు తన సైకిల్ పక్కన పెట్టి, అమ్మ సైకిల్ తోసింది. కాలువ దాటాక ఎక్కారు.

"అమ్మా, ముందు రాయి ఉంది! సీటు మీంచి కొంచెం లే! చేతులు బిగపట్టకు!"

"ధడ్!" అమ్మ కెవ్వుమంది. మరుక్షణం పకపకా నవ్వింది. "ఇదేదో బాగుందే! ఇంకో రాయి ఎక్కడ?"

మొండి రాయి దాటి, చివరి మలుపు తిరిగి, అమ్మ పైకి చేరింది. సైకిల్ దిగి చెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకుని, కింద ఉన్న భవనాల్లో వెతికింది. "అదిగో! నీలం తెరలు. నా వార్డు కిటికీ! ఇంత చిన్నదా! నేను రోజంతా ఉండేది అందులోనా!" పిడుగు భుజం చుట్టూ చెయ్యి వేసింది. చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

అంతలో టప్పుమని ఒక చినుకు. ఇంకో చినుకు. చూస్తుండగానే జల్లు మొదలైంది.

"పదండి, పదండి! ఎక్కండి సైకిళ్లు! దిగుడే కదా, రెండు నిమిషాల్లో ఇంట్లో ఉంటాం," అంది అమ్మ.

పిడుగు ఎక్కలేదు.

"తడి దారమ్మా. గాడి పడుతుంది. నడిపించుకుంటూ వెళ్దాం," అంది.

"తడిసిపోతామే!"

"తడుద్దాం."

అమ్మ నోరెళ్లబెట్టింది. "ఏం నత్తా, పిడుగు నడుస్తోందేంట్రా?"

"నాకూ అదే అర్థం కావట్లేదు ఆంటీ," అన్నాడు నత్త.

పిడుగు అప్పటికే కొంచెం కిందికి వెళ్లి, మొండి రాయి దగ్గర కూర్చుంది. వాన నీళ్లు ఎర్రగా దారి వెంట దిగుతున్నాయి. రాయి మూల ఎండుటాకుల ముద్ద ఒకటి అడ్డంపడి, నీళ్లు నిలిచిపోయి, రాయి మీంచి పొర్లబోతున్నాయి. పిడుగు వేళ్లతో ఆకుల్ని తీసి పక్కన పడేసింది. నీళ్లు గలగలమంటూ పొదల్లోకి తిరిగిపోయాయి.

"రండి, మెల్లిగా రండి," అని వెనక్కి కేకేసి, సైకిల్ హ్యాండిల్ పట్టుకుని తర్వాతి రాయి వైపు నడిచింది.