తొమ్మిది శనివారాలు

తడిసి ముద్దయి లోపలికి వచ్చి, చేతిలోని గొడుగు తీసి నా టేబుల్ మీద పెట్టింది. టేబుల్ మీదంటే ఖాళీ జాగాలో కాదు, అప్పుడే ప్రెస్సు నుంచి వచ్చిన కొత్త బ్రోషర్ల మీద.

"అమ్మా, గొడుగుల స్టాండు తలుపు పక్కనే ఉంది," అన్నాను వీలైనంత మర్యాదగా.

"నేను మీకు అమ్మలా కనిపిస్తున్నానా?"

"లేదండీ. గొడుగు మాత్రం బ్రోషర్ల మీద కనిపిస్తోంది."

గొడుగు తీసింది. తీస్తూ తీస్తూ ఇంకో నాలుగు బ్రోషర్లు తడిపింది. కుర్చీ లాక్కుని కూర్చుని నా మొహంలోకి తేరిపార చూసింది. నేను జుట్టు సవరించుకున్నాను.

"మీ కళ్ళజోడు ఎడమవైపుకి దిగిపోయింది. తలనొప్పి రావట్లేదా? ఇటివ్వండి."

ఇవ్వనని చెప్పేలోపే తీసేసుకుంది. హ్యాండ్‌బ్యాగులోంచి బుల్లి స్క్రూడ్రైవరు తీసి, రెండు తిప్పులు తిప్పి, అద్దాలు తుడిచి మళ్ళీ నా ముక్కు మీద పెట్టింది. ఆమె కళ్ళజోళ్ల షాపులో కళ్ళు పరీక్షించే ఉద్యోగం చేస్తుందని కాసేపయ్యాక, ఆమె వివరాలు రాసుకుంటుంటే తెలిసింది. అప్పటికి తెలిసింది ఒక్కటే. ఇన్నాళ్ళూ నాకు అన్నీ వంకరగా కనిపించాయి, ఇప్పుడు తిన్నగా కనిపిస్తున్నాయి, అన్నిటికంటే ముందు ఆమె కనిపిస్తోంది.

నాది ట్రావెల్ ఆఫీసులో లాంగ్ స్టే సీటు. నెలకు పైబడి విదేశంలో గడపాలనుకునేవాళ్ళు నా దగ్గరికి వస్తారు. నేను ఏ దేశమూ చూడలేదు. కానీ చూసి వచ్చినవాళ్ళ ఫిర్యాదులన్నీ నా దగ్గర ఉన్నాయి. అది మా మేనేజరు మేడమ్ పెట్టిన పద్ధతి. తిరిగొచ్చిన ప్రతి కస్టమరూ ఒక ఫారం నింపాలి. అవన్నీ లోటుపాట్ల ఫైల్లో పెట్టాలి. కొత్తవాళ్ళు ఏదైనా ఊరు ఎంచుకుంటే, బుక్ చేసేముందు ఆ ఊరి ఫారాలు తీసి అక్కడి లోటేమిటో చదివి వినిపించాలి. తర్వాత గొడవలుండవని మేడమ్ నమ్మకం.

"ఎంతమందండీ?" అన్నాను.

"ఇద్దరం."

నా ప్రాణం ఉసూరుమంది. "హనీమూనా?"

"మా అక్కా, నేనూ."

"ఓహో, అక్కయ్యగారా!" అని నేనన్న తీరుకి, పక్క సీటులో వీసాలు చూసే పెద్దాయన పని ఆపి నావైపు చూశాడు.

ఆమె కోరికలు వరసగా చెప్పుకుంటూ పోయింది. మూడు నెలల ప్రయాణం, అన్నాళ్ళూ ఒకే చోట ఉండాలి. మెట్లు ఉండకూడదు. కొండ ప్రాంతం వద్దు. ఆసుపత్రి పది నిమిషాల దూరంలో ఉండాలి. కిటికీలోంచి నీళ్ళు కనిపించాలి.

"మీ అక్కయ్యగారు మహారాణీలా ఉన్నారే!"

"మరేమనుకున్నారు? కోట్లు కుట్టే షాపులో గుడ్డ కత్తిరించే పని. ఇరవై రెండేళ్ళలో ఒక్క సెలవు పెట్టలేదు. ఇప్పుడు అన్నీ కలిపి ఒకేసారి పెట్టింది," అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మెట్లు వద్దు, ఎత్తు వద్దు, ఆసుపత్రి దగ్గరుండాలి. ఏడేళ్ళుగా ఆ సీటులో కూర్చున్నవాడికి ఇంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు?

ఆ రోజే ఒక ఊరు ఆమెకు నచ్చేసింది. సరస్సు ఒడ్డున చిన్న ఊరు. నేలమట్టానికి ఉన్న ఇల్లు, కిటికీ తెరిస్తే నీళ్ళు, వీధి చివర ఆసుపత్రి. ఆమె అడిగినవన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి.

"ఇదే. బుక్ చేసేయండి," అంది.

బుక్ చేస్తే ఆమె ఇక రాదు. నేను ఫైలు తెరిచాను. ఆ ఊరి మీద పన్నెండు ఫారాలున్నాయి. పదకొండు పక్కకి నెట్టి పన్నెండోది పైకి తీశాను. దాని చివరి వరస మీద చెయ్యి పెట్టి, మిగతాది చదివాను.

"సాయంత్రమైతే బాతుల గోల భరించలేకపోయాం అని రాశారండీ."

"బాతులా?"

"వందల్లో."

ఆమె కాసేపు ఆలోచించింది. "అక్కకి నిద్ర ముఖ్యం."

"అయితే తొందరేముంది? వచ్చే శనివారానికి ఇంకొన్ని తీసి పెడతాను. మీ షాపుకి శనివారం ఒంటిపూటేగా?"

"అది మీకెలా తెలుసు?"

"మీ షాపు నాలుగు వీధుల అవతలే. బోర్డు మీద రాసుంది," అన్నాను. ఆ బోర్డు ఎక్కడుందో తర్వాత వెతుక్కున్నాను.

వచ్చే శనివారం వచ్చింది. దీవుల్లో ఉప్పుగాలికి బట్టలు ఆరవని చెప్పాను. ఆ పై శనివారం ద్రాక్షతోటల ఊరి బ్రోషరు చూశాం. అక్కడ గడియారం స్తంభం పావుగంటకోసారి మోగుతుంది. ఆ తర్వాత లైట్‌హౌస్ ఊరు.

"అక్కడ కిరాణా కొట్టాయన నవ్వడట," అన్నాను.

"అది కూడా ఫిర్యాదేనా?"

"కింద రెండు గీతలు గీశారండీ."

ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు కోసం నేను వారమంతా ఫైలు తిరగేసేవాణ్ణి. కిరాణా కొట్టాయన నవ్వకపోతే నాకేం, నా ఎదురుగా ఈ అమ్మాయి నవ్వుతోంది కదా అనుకునేవాణ్ణి.

ఐదింటికి ఆఫీసు మూసేస్తే బస్టాపు దాకా నడిచేవాళ్ళం. ఒకరోజు వర్షం కురుస్తుంటే ఇద్దరం ఒకే గొడుగులో వెళ్ళాం. ఆమె భుజం తడవకూడదని నేను గొడుగు అటు వంచాను, నా భుజం తడవకూడదని ఆమె ఇటు వంచింది. చివరికి ఇద్దరమూ తడిశాం.

"అక్క మీ గురించి అడుగుతోంది," అంది.

"ఏమని?"

"ప్రతి ఊరికీ ఇన్ని వంకలు పెట్టేవాడు రేపు పిల్లని ఎలా ఎంచుకుంటాడని."

"పిల్ల విషయంలో వంకలేం లేవని చెప్పండి," అన్నాను. అని నాలిక్కరుచుకున్నాను.

ఆమె బస్సు వచ్చింది. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, బస్సు మలుపు తిరిగేదాకా నావైపే చూసింది. అప్పుడే చెప్పేయాల్సింది. వచ్చే శనివారం చెబుదాంలే అనుకున్నాను. శనివారాలు నాకోసం వరసగా వస్తూనే ఉంటాయన్న ధీమా.

తొమ్మిది శనివారాలు అలా గడిచాయి. పదో శనివారం ఆమె రాలేదు. పదకొండో శనివారమూ రాలేదు. గుమ్మంలో గొడుగు కనిపించినప్పుడల్లా లేచి నిలబడ్డాను. వీసాల పెద్దాయన జాలిపడి నాకు మెషీన్ కాఫీ తెచ్చిపెట్టాడు.

మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇక ఊళ్ళు చూడక్కర్లేదండీ. ఆ మాట చెప్పి వెళ్దామని వచ్చాను."

"వేరే ఆఫీసులో బుక్ చేశారా?" నా గొంతులో నిష్ఠూరం నాకే వినిపించింది.

"అక్కని విమానం ఎక్కొద్దన్నారు డాక్టరు."

నాకు అర్థం కాలేదు. ఆమె కుర్చీ వీపు పట్టుకుని మెల్లగా చెప్పింది.

"అక్క గుండె పాడైపోయింది. మొదటిసారి మీ దగ్గరికి వచ్చేసరికే తెలుసు. కొన్నాళ్ళు బాగానే తిరుగుతుంది, ఎన్నాళ్ళో చెప్పలేం, ఎటైనా వెళ్ళాలంటే వెంటనే వెళ్ళిరండి అన్నారు. పది రోజుల కిందట ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చాం. మొన్న ఇంటికి పంపేశారు. బాగై కాదు, ఇక వాళ్ళు చేసేదేం లేక."

నేను లేచి నిలబడ్డాను. "ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!"

"చెబితే మీరు కూడా అందరిలాగే గొంతు తగ్గించి మాట్లాడతారు. వారానికి ఒక్క గంట, ఇక్కడ కూర్చుంటే నాకేమీ గుర్తొచ్చేది కాదు. అది పోగొట్టుకోవాలనిపించలేదు."

ఇక దాచడం నా వల్ల కాలేదు. "ఆ బాతులు..." అన్నాను. "అది ఒక్కరు రాసింది. మిగతా పదకొండు మందీ ఊరు స్వర్గంలా ఉందనే రాశారు. మీరు బుక్ చేసి వెళ్ళిపోతారని అది ఒక్కటే తీసి చదివాను. అన్ని ఊళ్ళకీ అలాగే చేశాను."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"తెలుసు," అంది. "మొదటి రోజే తెలుసు. అక్షరాలు తలకిందులుగా ఉన్నా చదవడం నాకు అలవాటే. మీరు చెయ్యి పెట్టేలోపే ఆ చివరి వరస చదివేశాను. 'అయినా మళ్ళీ వెళతాం' అని రాశారు. అవునా?"

తలూపాను.

"అంతా చదివి కూడా ఇంటికెళ్ళి అక్కకి బాతులున్నాయనే చెప్పాను. మళ్ళీ శనివారం రావాలని. అక్క పరిస్థితి మీకు తెలీదు, నాకు తెలుసు. తెలిసీ చేశాను." కుర్చీ మీంచి చెయ్యి తీసేసింది. "నన్ను చూడ్డానికి రాకండి. మీ మీద కోపం కాదు. మిమ్మల్ని చూస్తే నేనేం చేశానో గుర్తొస్తుంది."

వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంకో కస్టమరుకి నేను ఫైలు తెరవలేకపోయాను.

శుక్రవారం ఆఫీసుకి ఫోన్ వచ్చింది. అవతల మాట్లాడే మనిషి మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది.

"నేను... కోట్లు కత్తిరించే అక్కని. ఆదివారం పదకొండింటికి మా ఇంటికి రా. దానికి చెప్పకు."

వెళ్ళాను. ముందుగదిలోనే మంచం వేశారు. కత్తిరింపు బల్లని గోడకి జరిపారు, దాని మీద ఇంకా నీలం చాక్ గీతలున్నాయి. మూడు దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని వాటికి ఆనుకుని కూర్చుంది అక్క. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. మనిషి ఎంత చిక్కిపోయినా చూపు మాత్రం కత్తెరలా ఉంది. గుమ్మంలో నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే కొలిచేసింది.

"కుడి భుజం వాలు. నీకు కోటు కుదర్చడం కష్టం. కూర్చో."

మంచినీళ్ళ గ్లాసుతో లోపల్నుంచి వచ్చిన చెల్లెలు నన్ను చూసి ఆగిపోయింది.

"నేనే పిలిచాను. నువ్వూ కూర్చో," అంది అక్క. "ఇది నాకు మొత్తం చెప్పేసింది బాబూ. నీ నోటితో కూడా వింటాను, చెప్పు."

చెప్పాను. ఒక్క ఊరు కూడా దాచలేదు. విన్నంతసేపూ అక్క రెప్ప వేయలేదు.

"నాకు ఒళ్ళు మండింది," అంది చివరికి. "ఇప్పటికీ మండుతోంది. అమ్మానాన్నా పోయినప్పుడు దీనికి ఆరేళ్ళు. ఆ రోజు పట్టుకున్న కత్తెర మొన్నటిదాకా దించలేదు. ఊళ్ళు తిరిగేవాళ్ళకి ఎన్ని కోట్లు కత్తిరించానో! ఒక కిటికీ దగ్గర కూర్చుని, ఏ పనీ లేకుండా, నీళ్ళు చూడాలనుకున్నాను. అంతే నేను అడిగింది. ఫరవాలేదులే అంటానని వచ్చుంటే, అనను. ఫరవాలేదనుకునే సంగతి కాదు ఇది."

చెల్లెలు మోకాళ్ళలో తల పెట్టుకుంది. నేను తలెత్తలేదు.

అక్క గుక్కెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ అంది. "సరే. అది పోయింది. మీ సంగతి ఎందాకా వచ్చింది? ఏమన్నాడే నీతో?"

"ఏమీ అనలేదక్కా."

"మరి నువ్వు?"

"నేనూ ఏమీ అనలేదు."

అక్క దిండు మీంచి లేవబోయింది. "నా తొమ్మిది వారాలు తినేసి, ఆ ఒక్క మాట కూడా అనుకోలేదా! మరేం మాట్లాడుకున్నారర్రా? బాతుల గురించా?"

నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. ఊపిరి కుదుటపడ్డాక కూడా అక్క మా చేతులు వదల్లేదు.

"ఇప్పుడు అనండి. నా ముందే. నేను వినాలి."

ఎన్ని శనివారాలు ఆ మాట కోసం ఎన్ని రకాలుగా సిద్ధపడ్డానో! అద్దం ముందు కూడా అనుకున్నాను. ఆ గదిలో ఏదీ గుర్తురాలేదు. "నాకు మీ చెల్లెలంటే ప్రాణం," అన్నాను. "అందుకే మీకు ఇంత అన్యాయం చేశాను."

చెల్లెలు నావైపు చూడలేదు. అక్కనే చూస్తూ అంది.

"నాకూ ఇతనంటే ఇష్టం అక్కా. నీకంటే ఎవరూ ఎక్కువ కాదనుకునేదాన్ని. కానీ ఆ తొమ్మిది శనివారాలూ నీకంటే ఇతనే ఎక్కువయ్యాడు. ఆ మాట నీకెలా చెప్పనే?"

వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క ఆమె తల నిమిరింది. తర్వాత నావైపు తిరిగి, "మిమ్మల్ని చూస్తే గుర్తొస్తుంది, కనిపించకండి అని ఇది నీతో అందట కదా," అంది. "ఒంటరిగా ఉంటే మాత్రం గుర్తురాదా? ఇంకా ఎక్కువొస్తుంది. నా ప్రయాణం పోయింది, దీని సంసారం కూడా పోతే నేను దేనికి నష్టపోయినట్టు? త్వరగా పెళ్ళి చేసుకోండి. ఈసారి ఆలస్యం చేస్తే ఊరుకోను."

పది రోజుల తర్వాత రిజిస్ట్రారుని ఆ ముందుగదికే పిలిపించాం. వీసాల పెద్దాయన, మేనేజరు మేడమ్ వచ్చారు. మొదటి సాక్షి సంతకం అక్కదే. చెయ్యి వణికి అక్షరాలు గీత దాటి పక్క గడిలోకి పోయాయి. రిజిస్ట్రారు ఇంకో ఫారం ఇస్తానన్నాడు. "చెల్లుతుందా, చెల్లదా?" అని అడిగింది అక్క. చెల్లుతుందన్నాడు. "అయితే చాలు," అని వెనక్కి వాలింది.

ఆ తర్వాత పంతొమ్మిది రోజులుంది. మమ్మల్ని పూర్తిగా క్షమించిందో లేదో మాకు తెలీదు. అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

సరస్సు ఊరికి మేమింతవరకూ వెళ్ళలేదు. వెళ్దామని నా భార్య అనదు, నేనూ అడగను. కాని ఒక్క నిజం మాత్రం ఇద్దరికీ తెలుసు, ఒకరితో ఒకరం చెప్పుకోం. మా జీవితంలో అన్నిటికంటే సంతోషంగా ఉన్న రోజులు ఆ తొమ్మిది శనివారాలే. అవి అక్కవని తెలిశాక కూడా, అవే.