వెలుగు జల్లెడ

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. నడింట్లో మంచం మీద రత్న పెద్దనాయన నరసింహులు. వంటింట్లో అవ్వ ఓబుళమ్మ. మంచం పక్కనే బల్ల దగ్గర నరసింహులు కూతురు చంద్రకళ, ఆమెకెదురుగా కర్నూలు పరిశోధనాలయం నుంచి వచ్చిన డాక్టర్ జైనబ్. కూర్చోమని ఎవరూ అనకపోవడంతో గోడకు ఆనుకుని నిలబడ్డ రత్న.

అది రెండు వేల తొంభై మూడో సంవత్సరం. ఒకప్పుడు ఆ ఊరి చుట్టూ వేల ఎకరాల్లో సౌరఫలకాలు ఉండేవి. వాటి మీద నల్లటి కాడ్మియం టెల్యురైడ్ పూత ఉండేది. రెండు అద్దాల మధ్య బిగించి ఉన్నన్నాళ్ళూ అది ఎవరికీ కీడు చెయ్యలేదు, ఎన్నో ఊళ్ళకు కరెంటిచ్చింది. కాలం తీరాక వాటిని పగలగొట్టించి గుంతల్లో పూడ్చారు. ఏళ్ళ తరబడి వానలు కురిసి కాడ్మియం బావుల్లోకి, శనక్కాయల్లోకి దిగింది. ఆ లోహం ఒంట్లో చేరితే పదుల ఏళ్ళు వదలదు. మూత్రపిండాలను పాడుచేసి, ఎముకలను గుల్ల చేస్తుంది. పగలగొట్టే పనికి పోయిన అన్నదమ్ముల్లో చిన్నవాడు, రత్న తండ్రి, ఎన్నడో పోయాడు. తల్లి అంతకు ముందే పోయింది. పెద్దవాడు నరసింహులు గట్టిగా దగ్గితే పక్కటెముక విరుగుతుందేమోనని భయపడుతూ బతుకుతున్నాడు.

బల్ల మీద ఉన్నది చంద్రకళ కనిపెట్టిన వెలుగు జల్లెడ. కొయ్య చట్రానికి బిగించిన పలచటి జీవపొర అది. అందులోని సూక్ష్మజీవులు మిణుగురుల్లా తమంతట తామే నీలంగా వెలుగుతాయి. కాడ్మియం తగిలితే దాన్ని పట్టుకుని, సెలీనియంతో కలిపి, కంటికి ఆనని స్ఫటికాలుగా మారుస్తాయి. క్వాంటం డాట్స్ అనే ఆ స్ఫటికాలకు చంద్రకళ కాంతిచుక్కలని పేరు పెట్టింది. కాడ్మియం ఎక్కువయ్యేకొద్దీ చుక్క పెరుగుతుంది. చుక్క చిన్నదైతే వెలుగు ఆకుపచ్చగా మారుతుంది, పెరిగితే పసుపు, ఇంకా పెరిగితే ఎరుపు. విషమంతా పొరలో చిక్కుకుంటుంది, కిందికి మంచినీళ్ళు దిగుతాయి. చిక్కిన చుక్కలు మళ్ళీ దీపాలకూ తెరలకూ పనికొస్తాయి.

ఇవాళ పరీక్ష నెగ్గితే మొదటి జల్లెడ వీళ్ళ బావికే బిగిస్తారు. చంద్రకళను కర్నూలు తీసుకుపోతారు. అక్కడి పరిశోధనాలయంలో ఉన్నది ఒక్కటే చోటు.

"ఈ అమ్మాయి?" అని అడిగింది జైనబ్, రత్నను చూసి.

"మా చిన్నాయన కూతురు మేడమ్. ముగ్గులు బాగా వేస్తుంది," అంది చంద్రకళ.

ముగ్గులు! పొరకు కావలసిన సెలీనియం కోసం మూడు నెలలు ఆవమొలకలు నూరింది ఎవరు? సీసాల్లో వచ్చే సెలీనియం మందుతో పొర చచ్చిపోతుంటే, "ఆవాలు నేల్లోని సెలీనియాన్ని పీలుస్తాయంట కదక్కా, అవి నూరి పోస్తే?" అన్నది ఎవరు? అది చెప్పాలని రత్న నోరు తెరిచింది. కొత్తమనిషి ముందు మాట పెగల్లేదు. అక్క మాత్రం గలగలా మాట్లాడుతూనే ఉంది. ఆ నవ్వు, ఆ కొత్త చున్నీ, "చంద్రకళ గారూ" అన్న ఆ పిలుపు, ఒక్కొక్కటీ రత్నకు కారం చల్లినట్టుగా ఉంది.

"ఏమ్మే రత్నా, గోడకు బల్లి మాదిరి అంటుకున్యావే!" వంటింట్లోంచి కేకేసింది అవ్వ. "కొత్త వస్తువు, ఉత్తగా మొదలుపెడతారా? పసుపు తడిపి బొట్లు పెట్టుపో."

"చట్రానికే పెట్టు. పొరకు తాకించొద్దు," అంది చంద్రకళ, తల తిప్పకుండానే.

రత్న లోపలికి వెళ్ళింది. అటక కింద, ఒకప్పుడు బోర్డులు రాసిన తాత రంగుల పెట్టె ఉంది. అందులో కాడ్మియం పసుపు పొడి, కాడ్మియం సల్ఫైడు. ఎంత ఎండకైనా వెలిసిపోని రంగు. అమ్మకం ఆగిపోయి చాన్నాళ్ళయింది. దాన్ని ముట్టుకోవద్దని రత్నకు చెప్పింది అక్కే. రత్న ఆ పొడిని పసుపుడబ్బాలో వంచి, వేలితో కలిపింది. రెండూ ఒకే రంగు. తడిపి చట్రం చుట్టూ గుండ్రటి బొట్లు పెట్టింది. లోపలి అంచుకు కాస్త ఎక్కువే పూసింది.

జైనబ్ కిటికీలు మూయించింది. నీలం వెలుగు గదంతా పరుచుకుంది. సీలు వేసిన సీసా తెరిచి, శుద్ధమైన నీళ్ళు జల్లెడలో పోసింది. ఆ నీళ్ళు అంచులను తడుపుకుంటూ పొర మీదికి పారాయి.

నీళ్ళు పారినంత మేరా నీలం చెదిరి ఆకుపచ్చయింది, పసుపయింది, చూస్తుండగానే ఎర్రబడింది.

"శుద్ధమైన నీళ్ళకే ఇంత ఎరుపా?" జైనబ్ కళ్ళద్దాలు తీసింది. "జల్లెడ అబద్ధం చెబుతోంది, చంద్రకళా. దీన్ని ఏ బావికీ పెట్టలేను."

చంద్రకళ కుర్చీలో కూలబడింది. రత్నకు గుండెలో చల్లగా అనిపించింది, పోపులో ఆవగింజ చిటపటమన్నంత సేపు.

"ఏడవద్దు మే. ఎవురి కండ్లు పడినాయో ఏమో," అంటూ అవ్వ రెండు గ్లాసులతో వచ్చింది. "పసుపుపాలు తాగు, గుండె కుదటపడతాది. ఓరే నరసింహులూ, నీది గూడా ఇదో."

ఆ నేలలో పసుపు పండించకూడదు. బయటినుంచి నెలకొకసారి వచ్చే చిన్న డబ్బా ఒక్కటే, దేవుడికీ కూరకూ కూడా. చంద్రకళను ఓడించే తొందరలో రత్నకు ఆ సంగతే తట్టలేదు. పెద్దనాయన గ్లాసు పెదాల దగ్గరికి తీసుకున్నాడు.

"తాగొద్దు!"

పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా రత్న ఎప్పుడూ అరవలేదు. ఆయన చేతిలో గ్లాసును కొట్టేసింది. అక్క చేతిలోదాన్ని లాగేసుకుంది. ఒలికిన పాలు జల్లెడ మీద, ఇంకా నీలంగా ఉన్న వైపు చిందాయి. పడినచోటల్లా నిప్పుకణికల్లా ఎర్రగా రగిలింది.

జైనబ్ పాలను, పసుపుడబ్బాను, రత్నను చూసింది. "చెయ్యి ఇలా పెట్టమ్మా," అంది మెల్లగా.

పొరలో నీలం మిగిలిన చోట రత్న వేళ్ళు ఆనాయి. ఐదు వేళ్ళ చుట్టూ ఎరుపు. చంద్రకళ కూడా, ఎవరూ అడక్కుండానే, తన చెయ్యి పక్కన పెట్టింది. అక్కడ స్వచ్ఛమైన నీలం చెదరలేదు.

"జల్లెడ నిజమే చెప్పింది. తప్పు నాదే," అంది జైనబ్. "ముందు అందరూ చేతులు కడుక్కోండి. ఇంతకంటే పెద్ద పరీక్ష నేను పెట్టలేను. రేపే బావికి బిగిద్దాం."

పెద్దనాయన, "నా తమ్ముని బిడ్డవు కదమ్మా," అని మాత్రం అన్నాడు. ఆ మాటకు రత్న తల వాలిపోయింది.

చంద్రకళ సంచి సర్దుకోవడానికి లోపలి గదికి వెళ్ళింది. రత్న చేతులు కడుక్కోకుండానే ఆమె వెంటే గడప దాకా వెళ్ళింది.

"తప్పయిపోయిందక్కా. ఆవాల మాట మేడమ్‌కు ఒక్క ముక్క చెప్పింటే నేనింత పని చేసేదాన్ని కాదు. మర్చిపోయినావు కదా?"

చంద్రకళ కొత్త చున్నీని మడతపెట్టింది, విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"మర్చిపోలేదు మే. ఆవాలు లేకుంటే జల్లెడే లేదు. చెప్పింటే ఆ ఒక్క చోటూ నీకిస్తుందేమోనని చెప్పలేదు."

రత్న అక్క చేతిని చూసింది. ఇందాక నీలంగా వెలిగిన చెయ్యి. జల్లెడకు కాడ్మియం ఒక్కటే తెలుసు.

"మేడమ్‌కు ఇప్పుడైనా చెప్తావా?" అంది.

నడింట్లోంచి జైనబ్ పిలిచింది: "చంద్రకళ గారూ, సంతకం పెట్టాలి, వస్తారా?"

"ఒక్క నిమిషం మేడమ్!" అంది చంద్రకళ, ఆ గలగలలాడే గొంతుతోనే. తలుపు అంచును పట్టుకున్న రత్న వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించి, ఆమె ముఖం మీదే తలుపు మూసింది.

రత్న వేళ్ళకంటిన పొర జిగురు ఇంకా ఆరలేదు. మూసిన తలుపు మీద ఐదు ఎర్రటి గుర్తులు వెలుగుతూ ఉన్నాయి.