ఉతకని తువ్వాలు

ఆమె వస్తూనే నా టేబుల్ మీద జగ్గుడు నీళ్లు కుమ్మరించింది.

హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేస్తున్న వాళ్లంతా నోళ్లు వెళ్లబెట్టారు. ఆ లాండ్రీకి మేనేజర్‌ని నేనే. నా నోరు అందరికన్నా పెద్దగా తెరుచుకుంది.

"మా తువ్వాలు నీళ్లు పీల్చదని మెసేజ్ పెట్టారుగా? చూడండి!" అంటూ సంచిలోంచి ఒకటి తీసి, ఒక్క తుడుపు తుడిచింది. టేబుల్ మీద చుక్క నీరు లేదు.

తేనెపట్టులా చిన్న చిన్న గుంటలుండే ఆ నేత వాళ్ల తాతల నాటిది. మా హోటల్‌కి తువ్వాళ్లు నేసిచ్చే ఆర్డర్ అడగడానికి వచ్చిన ఆమెను, రంగులు చూడాలన్న వంకతో ఆరుసార్లు పిలిపించుకున్నాను. ఏడోసారి ఇలా వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"నా దగ్గరున్న శాంపిల్ మీద పోస్తే నీళ్లు జారిపోయాయండీ!"

"ఎన్నిసార్లు ఉతికారు?"

"ఉతకలేదు."

ఆమె కొయ్యబారిపోయింది. "కొత్త బట్టకు గంజి ఉంటుంది కదా! లాండ్రీ మేనేజర్ అయ్యుండి ఉతక్కుండా టెస్ట్ చేశారా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "సారీ అండీ. ఆర్డర్ మీకే."

"ఇంకెక్కడి ఆర్డర్? మీ మెసేజ్ చూసి నాన్న మగ్గం తీసేస్తున్నాడు. పడుగు కోసేస్తానని కూర్చున్నాడు. ఆ పోగులు ఎక్కించడానికి మా ఇద్దరికీ రెండు నెలలు పట్టింది. ఆయన మసక కళ్లతో మళ్లీ ఎక్కించడం జరగని పని!"

"ఫోన్ చేయండి!"

"ఎత్తడం లేదు."

ఆమెను ఎక్కించుకుని వాళ్ల మగ్గం షెడ్డుకి బయల్దేరాను. బైక్ ఎలా నడిపానో తెలీదు. వెనక ఆమె కూర్చుందన్న సంగతి కూడా మర్చిపోయాను, అదీ నా గాభరా.

షెడ్డులోకి దూకేసరికి కత్తెర కరకరలాడుతోంది. ఒక అంచున పోగులు తెగి వేలాడుతున్నాయి. కత్తెరకీ దారాలకీ మధ్య చెయ్యి పెట్టేశాను.

పెద్దాయన అదిరిపడ్డారు. "ఎవరు బాబూ నువ్వు?"

"ఆ మెసేజ్ పెట్టిన గాడిదనండీ. ఉతక్కుండా టెస్ట్ చేశాను. తప్పంతా నాదే, ఆర్డర్ ఉంది."

"లాండ్రీవాడివి, ఎందుకు ఉతకలేదు?"

అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. "మీ అమ్మాయి తన చేత్తో ఇచ్చిందండీ. ఉతకబుద్ధి కాలేదు. సొరుగులో దాచుకున్నాను. తనంటే నాకిష్టం."

ఆమె కళ్లు ఇంతింతయ్యాయి. పెద్దాయన కత్తెర కింద పెట్టి, నన్నూ కూతుర్నీ మార్చి మార్చి చూశారు.

"ఎన్ని తెగాయమ్మా?"

"వందకు పైనే, నాన్నా."

"ఇతను ముడులేస్తే ఎన్నాళ్లు పడుతుంది?"

ఆమె తలొంచుకుని, తెగిన పోగొకటి నా వేళ్లకు అందించింది. "నేర్పడానికే చాలా రోజులు పడుతుంది. పడనీ, నాన్నా."