ఐస్ ఫ్యాక్టరీ గోడలో పేర్లు

కోట ఊరు దాటి సముద్రం దిక్కుకు పోతే, రొయ్యల గుంటల మధ్య మూతబడిన ఐస్ ఫ్యాక్టరీ ఒకటుంది. చీకటి పడితే అక్కడ ఎవరూ బండి ఆపరు. గోడ మీద తెల్లటి వెలుగొకటి పాకుతుందంట... ఒకచోట ఆగుతుందంట... ఆగి, మనుషుల పేర్లు చదువుతుందంట. రెండేళ్ల కిందట నెలకోసారి కనబడేది. ఇప్పుడు వారానికి రెండు మార్లు.

కోటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే అబిగయీలుకు ఈ మాట వింటే నవ్వొచ్చేది. ఆ వెలుగులు ఎవరివో ఆమెకు తెలుసు — తనలాంటి వాళ్లవే. జియోక్యాచింగ్ అని ఒక ఆట. ఎవరో ఒక డబ్బా దాచి, దాని జాడ ఫోన్లో పెడతారు. వెతికి పట్టుకున్నవాళ్లు అందులోని కాగితం మీద పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టాలి. రాష్ట్రం రెండు ముక్కలై చిన్నదైపోయింది గానీ, ఆట మాత్రం పెరిగింది. మూడేళ్ల కిందట ఈ తీరం పొడుగునా నాలుగు డబ్బాలు. ఇప్పుడు అరవై పైన.

ఆ శనివారం ఆమె స్కూటీ దిగేసరికి ఏడు దాటింది.

ఫోన్ చూపించిన చోట గోడలో ఒక ఇటుక కదిలింది. వెనక టిఫిన్ డబ్బా. మూత తీసింది. నల్ల పూస, పిన్నీసు, విరిగిన బొమ్మ చెయ్యి... వచ్చినవాళ్లు ఒకటి తీసుకుని, బదులు ఒకటి పెట్టిపోయినవి. అడుగున కాగితం. టార్చి వేసి మెల్లగా పైకే చదువుకుంది.

"పెంచలకృష్ణ... క్రాంతి కుమార్... ముఖేష్..."

వెనక — ఎవరో ఊపిరి బిగబట్టారు.

టార్చి తిప్పేలోపు చల్లటి చెయ్యి ఆమె పాదం పట్టుకుంది.

కాలు లాక్కోబోయింది. పట్టు వదల్లేదు.

"నువ్వేనా తల్లీ," చీకట్లోంచి గుసగుస, "పేర్లు రాసుకునేదానివి?"

వెలుగు కిందికి దించితే — నేల మీద సాగిలబడిన ఆడమనిషి. మెడలో ఆసుపత్రి వాళ్లిచ్చిన పాసు.

పేరు ధనలక్ష్మి. పట్టపుపాలెం మనిషి. పది రోజుల కిందట ఆమె కొడుకు ముఖేష్, స్నేహితుడు సుధాకర్‌తో ఇక్కడికొచ్చి, ఈ డబ్బా దొరికితే సరదాకి పేరు రాసినాడు. మర్నాడే జ్వరం. ఇప్పుడు నెల్లూరులో, మిషను పెడితేగాని ఊపిరి ఆడడం లేదు. తెల్లారేదాకా చూసి చెప్తామన్నారు డాక్టర్లు.

"వాడి పేరు తీసెయ్ తల్లీ. నేను తీద్దామంటే నాకు చదువు రాదు. కాగితం చించేస్తే మిగతా పిలకాయలకేమైనా అయితే..." డబ్బా వైపు చూసింది. "అందుకే చించలా."

"నేను దెయ్యాన్ని కాదక్కా. ఇది చేతబడీ కాదు, ఆట." పక్కన కూర్చుని అంతా చెప్పింది అబిగయీలు. ఫోన్ చూపించింది. బొమ్మ చెయ్యి సంగతి కూడా చెప్పింది.

ధనలక్ష్మి ఓపిగ్గా విన్నది.

"ఒకటి తీస్తే బదులు ఒకటి పెట్టాలన్నావే..."

"అది వస్తువులకక్కా."

"వాడి పేరు కొట్టేసి నా పేరు పెట్టు."

వాదించి లాభం లేదనుకుని అబిగయీలు ముఖేష్ పేరు మీద గీత గీసింది. దాని కింద పెన్ను ఆనించింది. ధనలక్ష్మి అని రాయాలి. అంతే...

చెయ్యి కదల్లేదు.

"ఆటే గదమ్మా," అంది ధనలక్ష్మి. "రాసేదానికేం?"

దెయ్యాల గురించి వాదనకొచ్చిన ఎందరి నోళ్లో మూయించింది అబిగయీలు. ఈ ఒక్క మాటకు పెన్ను మూత పెట్టబోయి, మళ్లీ తీసింది.

అప్పుడు మోగింది, ధనలక్ష్మి చేతిలో ఫోన్. ఆసుపత్రిలో ముఖేష్ దగ్గరున్న సుధాకర్. ఆమె ఎత్తలేదు.

"ముందు రాయి."

ఫోన్ మోగతానే ఉంది.

అబిగయీలు రాసింది. ధనలక్ష్మి పేరు కాదు, తన పేరు. చదవలేని మనిషికి ఏం తెలుస్తుంది... డబ్బా దొరికింది గనక తన పేరు ఎట్టాగూ రాయాల్సిందే.

"అయిపోయిందక్కా."

ధనలక్ష్మి ఫోన్ చెవికి పెట్టుకుంది. అవతల సుధాకర్ ఏడుస్తా ఉన్నాడు.

"అత్తా... కళ్లు తెరిచినాడత్తా. నన్ను గుర్తుపట్టినాడు."

మందులు పనిచేసినాయి, అంతకుమించి ఏం లేదు — ఇది అబిగయీలు మాట. సోమవారం స్టాఫ్ రూములో ఈ కథంతా మాకు చెప్పింది ఆమే, నవ్వుతా. చెప్పడం అయినాక, ఆ నవ్వు అట్టాగే ఉండగా, అరచెయ్యి మెడ కింద ఆనించి వేడి చూసుకుంది...

ఆ పొద్దుటికి అది మూడోసారి.