అర అంగుళం తేడా

ఉదయం ఏడున్నరకి షెడ్డు తలుపులు తెరిచి, లైట్లు వేసి, నేల ఊడ్వడం కూతురి పని. తండ్రి తీరిగ్గా కాఫీ తాగి వచ్చేవాడు. పాత కార్లకు ప్రాణం పోస్తాడని పేరున్న మనిషి కావడంతో అందరూ ఆయన్ని మేస్త్రి అనే పిలిచేవారు. తల్లి కిటికీ పక్కన కుట్టుమిషను పెట్టుకుని ఆ కార్ల సీట్లకు తొడుగులు కుట్టేది. ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒక్క గుమ్మమే కాబట్టి ఇంటి మాటలు షెడ్డులోనూ, షెడ్డు మాటలు వంటింట్లోనూ నలుగుతూ ఉండేవి.

ఆ రోజు పని ఇలా మొదలెట్టారో లేదో పళ్ళ డాక్టరు వచ్చాడు. వారం క్రితం ఇక్కడినుంచి ముచ్చటగా నడుపుకుంటూ తీసుకెళ్ళిన కారుని ఇప్పుడు తాడు కట్టి లాక్కొచ్చారు. అది ఆయన తండ్రి నడిపిన కారు. వెనక వెడల్పాటి చక్రాలు వేయాలని డాక్టరు ముచ్చటపడ్డాడు. అవి పట్టాలంటే వెనక బరువు మోసే స్ప్రింగు పట్టీలు, ఆ కమాను కట్టలు రెండింటినీ లోపలికి, కారు చట్రం కిందికి జరపాలి. పాత ఇరుసు తీసి కొత్తది బిగించాలి. నెల రోజులు పట్టిన పని.

వాన వెలిసిన రోడ్డు మీద మలుపు తిరుగుతుంటే కారు వెనకభాగం జారిపోయి గట్టుకు కొట్టుకుందని డాక్టరు చెప్పాడు. పక్క సీట్లో ఆయన భార్య ఉంది. ఇద్దరికీ దెబ్బలేమీ తగల్లేదు. మొదటినుంచీ అది తిన్నగా పోకుండా పీతలా పక్కకు లాగుతోందట.

మేస్త్రి కారు కిందికి వంగి చూశాడు. లేచి చేతులు తుడుచుకున్నాడు.

"వెల్డింగ్ మా అమ్మాయి చేసింది డాక్టరుగారూ. చిన్నపిల్ల, ఎక్కడో పొరపాటు పడి ఉంటుంది. నేను దగ్గరుండి సరిచేయిస్తాను" అన్నాడు.

పక్క కారు కింద పడుకుని ఉన్న కూతురికి ఆ మాట వినబడింది. ఆమెకి ముప్పై నాలుగేళ్ళు. పన్నెండేళ్ళుగా ఈ షెడ్డులో నిప్పురవ్వల మధ్య బతుకుతున్న మనిషి. కమాను కట్టల ముందు కొసలు పట్టే బ్రాకెట్లు ఎక్కడ రావాలో సుద్దముక్కతో గుర్తు పెట్టింది తండ్రి. అదీ కంటి అంచనాతో. ఆమె మూలనుంచి మూలకి టేపు పట్టి చూసి, కుడివైపు అర అంగుళం ముందుకు వచ్చిందని అప్పుడే చెప్పింది. అలా బిగిస్తే ఇరుసు వంకరగా కూర్చుంటుందని కూడా చెప్పింది. ఆయన నవ్వి, టేపులు లేని రోజుల్లోనూ కార్లు తిన్నగానే నడిచాయి, నువ్వు అతికించు అన్నాడు.

డాక్టరు వెళ్ళేదాకా ఓపిక పట్టి, ఆమె బయటికొచ్చి చేతి తొడుగులు తీసి బల్లమీద పడేసింది.

"కుదిరితే నీ పనితనం, చెడితే నా పొరపాటా నాన్నా?"

పాపం డాక్టరు కంగారుగా ఉన్నాడని, సర్ది చెప్పడానికి ఏదో అన్నానని మేస్త్రి గొణిగాడు. ఆమె వదల్లేదు. తను చేసిన అతుకులు చూసి మేస్త్రి చెయ్యే వేరు అని జనం మెచ్చుకున్నప్పుడు ఆయన ఒక్కసారైనా మా అమ్మాయి చేసిందనలేదని గుర్తుచేసింది. పోయిన నెల పసుపురంగు కారు దగ్గర అందరూ ఫోటో తీసుకున్నప్పుడు తను ఆ కారు కిందే ఉందని, ఎవరూ పిలవలేదని చెప్పింది.

"నా పేరు పోతే షెడ్డు మూసుకోవాలే. నీకింకా బోలెడు వయసుంది. నీమీద వేస్తే ఏం పోతుంది?" అన్నాడు తండ్రి.

"నాకూ ఒక పేరుంది నాన్నా. అది పోతుంది."

కుట్టుమిషను ఆగింది. తల్లి కళ్ళజోడు తీసి భర్త వైపు చూసి, ఇది ముందే చెప్పిందా లేదా అని అడిగింది. చెప్పిందని ఆయన తలవంచుకున్నాడు. కన్నబిడ్డను పరాయి మనిషి ముందు నిలబెట్టి నీ తప్పు అంటగట్టడానికి నోరెలా వచ్చిందని ఆమె నిలదీసింది.

కూతురి గుండె కాస్త చల్లబడింది. కానీ తల్లి అంతటితో ఆగలేదు.

"మరి నువ్వు, తప్పని తెలిసీ ఎందుకు అతికించావు?"

"ఆయనే అతికించమన్నాడు."

"ఆయన చెప్పినవన్నీ వింటావా నువ్వు? ఆ నీలం కారుకి రెండు రోజులు పోట్లాడి నీ మాట నెగ్గించుకున్నావు. దీనికెందుకు ఊరుకున్నావు?"

ఆ రోజు వెల్డింగ్ చేస్తున్నప్పుడు మనసులో ఏమనుకుందో కూతురికి బాగా తెలుసు. వంకరగానే పోనీ, తిరిగొచ్చినప్పుడు తెలిసొస్తుంది ఈయనకి అనుకుంది. కారు తిరిగిరావడం, తండ్రి తలవంచుకోవడం ఊహించుకుని లోలోపల సంతోషించింది కూడా. ఆ ఊహలో వాన లేదు, మలుపు లేదు, పక్క సీట్లో కూర్చున్న ఆడమనిషి అసలే లేదు.

"నాన్నకి బుద్ధి రావాలని అతికించానమ్మా" అంది. అక్కడే స్టూలు మీద కూలబడి, మసి చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది.

మేస్త్రి ఆమె పక్కకి వచ్చాడు. "నువ్వు కొలిచినప్పుడు నేనూ చూశానమ్మడూ. అర అంగుళం నాకూ కనబడింది. నీ ముందు చెరిపి మళ్ళీ గీయడానికి మనసొప్పలేదు."

ఆయన డాక్టరుకి ఫోన్ చేశాడు. గుర్తు పెట్టింది తానని, అమ్మాయి వద్దన్నా తానే మొండికేశానని చెప్పాడు. కూతురు మొహం తుడుచుకుని ఫోన్ అందుకుంది. తప్పని తెలిసీ అతికించానని, క్షమించమని అడిగింది. డాక్టరు ఏమీ అనకుండా పెట్టేశాడు.

నాలుగు రోజులు పట్టింది. బ్రాకెట్లు కోసి, గీకి, కొలిచి మళ్ళీ అతికించి, ఇరుసుని తిన్నగా కూర్చోబెట్టారు. అయిదో రోజు వాన పడుతుంటే తండ్రీకూతుళ్ళే కారు తీసుకుని ఆ మలుపు మీద ఆరుసార్లు తిరిగారు.

మర్నాడు డాక్టరు భార్యతో వచ్చాడు. ఆవిడ కారుకి దూరంగా, గుమ్మం దగ్గరే నిలబడింది. ఈసారి ఎవరు చేశారని అడిగింది.

"కొలతా వెల్డింగూ మా అమ్మాయే చేసిందండి. నేను పక్కన సాయం పట్టాను" అన్నాడు మేస్త్రి.

ఆవిడ కూతురి దగ్గరికి వచ్చి, "నువ్వు ఎక్కుతావా ఇందులో?" అని అడిగింది.

"నిన్నంతా అందులోనే ఉన్నానండి. వానలో, ఆ మలుపు మీదే."

ఆవిడ ఇంకాసేపు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత వెళ్ళి ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.