వాకిలికెక్కిన విత్తనం

ప్రశాంతి మేడంను నేను మొదటిసారి చూసింది ఆమెను తిట్టేదానికి పోయినప్పుడు. ఈ మాట ముందే చెప్పేస్తాండా. తర్వాత మా ఉమ చెప్తే ఇంకో పది కలిపి చెప్తాది.

రెండువేల మూడు. జూన్ పోయింది, జూలై సగం పోయింది, బత్తలపల్లె చుట్టుపక్కల విత్తేదానికి సరిపడా ఒక్క పదును వాన లేదు. ఆ పొద్దు మాత్రం పడమట కొంచెం నల్లగా కనపడింది. అంతే, మా నాయన చెన్నప్ప ఆకాశం చూసి, "రేయ్ తిప్పేషా, విత్తనం మూటలు బయట పెట్టురా" అన్నాడు.

మూట బరువు నాకు తెల్సు. పళ్ళు బిగబట్టి, కాళ్ళు ఎడం చేసి, ఒక్క ఊపున ఎత్తినాను. మూట పైకి లేచింది. నేను ఎనక్కి పోయి ధాన్యం గాదె కింద పడినాను.

విప్పి చూస్తే పైన రెండు దోసిళ్ళ శెనక్కాయలు, కిందంతా ఉత్త పొట్టు!

ఎలుకలు తినిపోతే పొట్టు నింపి పోవు కదా. మా అన్న కూతురు ఉమాదేవి, తొమ్మిదేండ్ల పిల్ల, నా మొగం చూడకుండా పలక సంచి తగిలించుకొని బడికి పరుగెత్తింది. నెల రోజులుగా ఆ సంచి రోజూ అట్లే బాగా ఉబ్బి ఉండాది. నాకు అర్థమైపోయింది.

పడమటి మబ్బు అప్పటికే చెదిరిపోయింది కాబట్టి, మూట మళ్ళా కట్టేసి, నాయనకు చెప్పకుండా బడికి పోయినాను. ఒక గది, ఒక వరండా, ఇరవైముగ్గురు పిల్లోళ్ళు. జూన్‌లో గుంతకల్లు నుంచి కొత్త విద్యా వాలంటీర్ వచ్చిందని, బత్తలపల్లెలో వాళ్ళ అత్త ఇంట్లో ఉండి బస్సులో వస్తాదని విన్న్యాను. తిట్లన్నీ వరసగా పెట్టుకొని గడప ఎక్కినాను.

ఎక్కి, ఆడే నిలబడిపోయినాను.

వాకిలికి శెనక్కాయల తెర కట్టినారు. నూరు దారాలు, ఒక్కో దారానికి నలభై కాయలు. సున్నం తెలుపు, జాజు ఎరుపు, పసుపు, నీలిమందు. గాలికి ఊగుతా గలగలా అంటాండాది. లోపల గోడకు ఒక నెమలి. తోకంతా కాయలే. అద్దం చుట్టూ కాయల చట్రం. దూలం పొడుగునా కాయలతో చేసి, నిండా కాయలే పోసిన పెద్ద గుండ్రటి బుట్టలు ఏలాడతాండాయి. పుట్టినప్పటి నుంచి శెనక్కాయలు పీకినా, ఆరబోసినా, మోసినా. అవి ఇంత అందంగా ఉంటాయని నాకెవరూ చెప్పల్యా. నా తిట్లు ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు.

"అడ్డం జరుగప్పా, వెలుతురు రాల్యా" అని ఒక గొంతు.

స్టూల్ మీద నిలబడి, పళ్ళ మధ్య దారం పట్టుకొని, ముక్కు మీద జాజు మరకతో ఒకామె. ఇరవైమూడు, ఇరవైనాలుగేండ్లు ఉంటాయి. నేను జరిగినాను. ఎందుకు జరిగినానో ఇప్పటికీ తెలీదు.

"ఈ కాయలు మావి మేడం" అన్న్యాను, గొంతు సవరించుకొని.

"మీరు ఉమ వాళ్ళ చిన్నాయనా? చాలా థ్యాంక్సండీ! క్లాసులో అందరికంటే ఎక్కువ తెచ్చింది ఆ పిల్లే. ఆగస్టు పదిహేనుకు ఎగ్జిబిషన్ పెట్టి, ఎవరు చేసింది వాళ్ళ ఇంటికి పంపిస్తా. ఇండ్లు ఎంత బాగుంటాయో చూడండి. ఫస్ట్ ప్రైజ్ కూడా ఉమకే."

"ఫస్ట్ ప్రైజా! మేడం, అవి తినే కాయలు కాదు. విత్తనం."

"శెనక్కాయలు శెనక్కాయలే కదా?"

"కాదు. పండినవి పండినట్లే అమ్మేస్తాం. జూలై నెల్లో మా ఊర్లో ఏ ఇంట్లోనైనా కాయ ఉండాదంటే అది విత్తనమే. పసిబిడ్డ ఏడ్చినా దాంట్లో నుంచి ఒక్కటి ఇయ్యరు."

ఆమె మెల్లిగా స్టూల్ దిగింది. "మా గుంతకల్లులో ప్లాట్‌ఫారం మీద పొట్లం కట్టి అమ్ముతారు. నేను అట్లే అనుకున్న్యా. తలా ఒక సంచి తెండి, లేకపోతే లేదు అని చెప్పినా." తర్వాత పిల్లోళ్ళ వైపు తిరిగింది. "ఒక్కరన్నా చెప్పలేదేంరా?"

అందరూ ఉమను చూసినారు. ఉమ లేచి నిలబడింది.

"మేడం మొదటిసారి అడిగింది. లేదంటే ఏం బాగుంటాది చిన్నాయనా? అయినా యాడికి పోతాయి? మళ్ళా ఇంటికే వస్తాయి కదా. మూటలో ఉంటే ఏమి, వాకిలికి ఉంటే ఏమి? వాన వచ్చినప్పుడు ఒలుచుకుందాం అనుకున్న్యాం. వాన వచ్చేది ఉండాదా, సచ్చేది ఉండాదా?"

నాకు నవ్వొచ్చింది, గుండెలో కలుక్కుమంది. తొమ్మిదేండ్ల పిల్లకు వాన మీద అంతే నమ్మకం.

"ఇంకోటి చిన్నాయనా. మేడం సూదులిచ్చింది. మేమే వద్దన్న్యాం. విత్తనానికి సూది గుచ్చకూడదు కదా."

తెర దగ్గరికి పోయి చూసినాను. నిజమే. ఒక్క కాయకూ బొక్క లేదు. శెనక్కాయకు రెండు గింజల మధ్య సన్నగా నడుము ఉంటాది కదా, ఆడ దారం ముడేసినారు. నాలుగువేల కాయలకు నాలుగువేల ముళ్ళు. ఆ చిన్న చేతి ఏళ్ళకు ఎంత ఓపిక! నేను మేడంను చూసినాను, మేడం పిల్లోళ్ళను చూసింది. "ముడేస్తే అందంగా ఉంటాదని నాకు చెప్పినారు" అంది. ఆమె కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

"సూది గుచ్చలేదు సరే. సున్నంలో, నీలిమందులో ముంచినారే. మొలుస్తాదో లేదో" అన్న్యాను.

"మొలవకపోతే?"

ఇరవైమూడు ఇండ్ల విత్తనం ఆ గదిలో ఏలాడతాండాది. మొలవకపోతే ఊరు ఊరంతా ఈ ఏడు బీడు. ఆమెను ఒక్క రోజు కూడా ఉండనియ్యరు. బడి కమిటీ చైర్మన్ ఎవరనుకున్న్యారు? మా నాయనే.

"నేనే పోయి మీ నాయనకు చెప్తా" అంది ప్రశాంతి, చెప్పులు ఏసుకుంటా.

"వద్దు మేడం. నాలుగు రోజులు ఆగండి. ముందు మొలక చూద్దాం."

తిట్టేదానికి వచ్చినోడిని దొంగతనంలో భాగస్తుడినైపోయినాను. చిత్రమేమంటే, దానికి నాకు బాధ లేదు.

రంగుకు రెండు లెక్కన, రంగెయ్యని కాయలు రెండు, మొత్తం పది తీసి ఒలిచి, ఒక్కో దాంట్లో నుంచి ఒక్క గింజ తడిగుడ్డలో చుట్టి, చాక్‌పీసుల డబ్బాలో పెట్టినాం. పూటపూటకూ తడపాల. పొద్దున ఆమె తడుపుతాది, సాయంత్రం బస్సు వచ్చేలోపల నేను.

రెండో సాయంత్రం ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏమప్పా, గింజలు తడిపేదానికి ఒక చెంబు నీళ్ళు చాలు కదా? నువ్వేంది స్నానం చేసి, పౌడరేసుకొని, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని వచ్చినావు?"

"విత్తనం దగ్గరికి శుద్ధంగా రావాల మేడం. మా ఆచారం."

"నిన్న లేదా ఆచారం?"

వరండాలో పిల్లోళ్ళు కిసుక్కున నవ్వినారు. ఉమ అందరికంటే గట్టిగా. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని నాకు ఇంటికి పోయినాక తోచింది. ఆ సంతోషంలో రెండు ముద్దలు ఎక్కువ తిన్న్యాను.

మూడో సాయంత్రం ఆమె నవ్వలేదు. "గుడ్డ విప్పి చూద్దామా?" అంది.

"వద్దు. పొద్దాక చూస్తే మొలక జడుస్తాది. మా అవ్వ చెప్పేది."

"నాకు భయమేస్తాంది తిప్పేష్. పోతే నా ఉద్యోగం పోతాది, పోనీ. ఈ పిల్లోళ్ళు వాళ్ళ ఇంట్లో ఉన్న ఒక్క మంచి వస్తువు తెచ్చి నా చేతిలో పెట్టినారు. నేను దాన్ని నాశనం చేసింటే?"

ఆమె అట్ల నా పేరు పెట్టి పిలిచింది మొదటిసారి. ధైర్యం చెప్పాల. నా దగ్గర ఉంటే కదా చెప్పేది. గింజలు మొలవకపోతే నాయన మొగం ఎట్ల చూడాల అని ఒక భయం. ఈమె రేపటి నుంచి ఆ బస్సు దిగకపోతే నేను ఈ ఊర్లో ఎట్ల ఉండాల అని దాన్ని మించిన భయం. మూడు రోజుల్లోనే ఇంత దూరం వచ్చేసినానా అని నా మీద నాకే ఆశ్చర్యం.

నాలుగో రోజు సాయంత్రం. పిల్లోళ్ళు ఇంటికి పోకుండా చుట్టూ కూర్చున్న్యారు. ఆమె గుడ్డ విప్పింది.

మొదటి మడతలో ఎర్ర కాయ గింజ. పక్కన బియ్యపు గింజంత తెల్లటి మొన బయటికి వచ్చి, కిందికి వంగి ఉండాది. ఆమె "ఇదేనా? ఇట్లేనా వచ్చేది?" అని గుసగుసగా అడిగింది.

నేను ఏ ఏటికి ఆ ఏడు మొలక చూస్తానే ఉండా. ఆమె కండ్లతో చూస్తే మాత్రం నేనూ అదే మొదటిసారి చూస్తాండట్ల అనిపించింది. ఎండిపోయిన గింజ, సున్నంలో మునిగింది, ఎండకు ఎండింది, గాలికి ఊగింది. ఒక చెంబు నీళ్ళు తాకితే లేచి కూర్చుంది. ఎవరు నేర్పినారు దానికి?

"ఒకటి... రెండు... మూడు..." పిల్లోళ్ళు లెక్కబెడతాండారు. "తొమ్మిది!"

పదోది మొలవలేదు. అది రంగెయ్యని కాయ. తొమ్మిది చాలు. ప్రశాంతి నా మణికట్టు గట్టిగా పట్టుకొని ఉండాదని ఆమెకు తెలీదు. నాకు తెల్సు. నేను కదల్లేదు.

నాయనకు రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటా ఉంటే, సరిగ్గా మూడు రోజులకు, మధ్యాహ్నం మూడింటికి, వాన వచ్చింది.

వచ్చిందంటే అట్ల ఇట్ల కాదు. ముందు మన్ను వాసన, తర్వాత గాలి, తర్వాత కొండ కనపడలేదు. ముసలోళ్ళు వాకిట్లోకి వచ్చి నెత్తి ఎత్తి నిలబడినారు. నాయన తడుస్తానే అరిచినాడు, "మూటలు దించండ్రా! రేపు ఎద్దులు కట్టాల!"

అర్ధగంటలో ఒక్కో ఇంటి నుంచి ఒక్కో కేక. "అయ్యో, పొట్టు!" "మా మూటలో కూడా పొట్టే!" అందరు పిల్లోళ్ళకూ ఉపాయం చెప్పింది ఉమే అని అప్పుడు బయట పడింది. నాయన నన్ను చూసినాడు. నేను బడి వైపు చూసినాను. ఊరంతా బడికి నడిచింది.

ప్రశాంతి గడప బయటికి వచ్చి, వానలోనే నిలబడింది. "తప్పు నాది పెద్దాయనా. అది విత్తనమని నాకు తెలీదు. పిల్లోళ్ళను ఏమీ అనద్దండి. నన్ను పొమ్మంటే ఇప్పుడే పోతా."

నాయన తెరలో నుంచి ఒక నీలం కాయ విప్పినాడు. చెవి దగ్గర ఆడించి విన్న్యాడు. పగలగొట్టి, గింజ కొరికి చూసినాడు.

"మొలక చూసినారా?"

"చూసినాం నాయనా. పదికి తొమ్మిది" అన్న్యాను.

"చూసినాం అంటే? ఎవరెవరు?"

ఊరు ఊరంతా నా ఇస్త్రీ చొక్కా చూసింది.

నాయన నన్ను వదిలేసి తలెత్తినాడు. తెర, నెమలి, దూలానికి బుట్టలు. ముడి ముడికీ ఏలు పెట్టి చూసుకుంటా గది అంతా తిరిగినాడు. ఆయన పెదాలు అదరడం నేను అంతకుముందు ఒక్కసారే చూసినాను, మా అమ్మ పోయినప్పుడు.

"యాభై ఏండ్లుగా విత్తనాన్ని మూటలో కట్టి చీకట్లో పెడతానే ఉండా" అన్నాడు. "దేవుని మాదిరి కొలుస్తామంటాం గానీ, ఇట్ల వాకిలికి కట్టి కండ్లకద్దుకోవాలని నాకు తోచల్యా. ఈ పసి పిల్లోళ్ళకు తోచింది." తర్వాత అందరి వైపు తిరిగినాడు. "ఎవరూ పీకద్దు. ముడులు విప్పండి. కాయను రెండు చిప్పలుగా ఒలవండి, పొట్టు చిట్లకూడదు. మేడం, ఆ చిప్పలు మళ్ళా కట్టిస్తావా?"

"కట్టిస్తా పెద్దాయనా" అంది ప్రశాంతి.

ఆ సాయంత్రం బడి వరండాలో ఊరంతా కూర్చొని ఒలిచింది. గింజలు ఇండ్లకు పోయినాయి. రంగు చిప్పలు పిల్లోళ్ళ ఒళ్ళోకి పోయినాయి. ఎగ్జిబిషన్ అయినాక ఇరవైమూడు ఇండ్ల వాకిళ్ళకు తెరలు ఎక్కినాయి. మట్టి గోడల ఇండ్లు కూడా పెండ్లి ఇండ్ల మాదిరి కనపడినాయి. అది తర్వాతి మాట.

దానికంటే ముందు విత్తే రోజు వచ్చింది. మా పక్క విత్తేటప్పుడు గొర్రు ఎనక నడుస్తా, జడ్డిగం అనే చెక్క గిన్నెలో గింజలు పోసేది ఆడవాళ్ళు. మొదటి పిడికెడు ఇంటి కోడలు పోయాల. మా వదిన ఒడి కట్టుకొని సిద్ధంగా ఉండాది. ప్రశాంతి పిల్లోళ్ళను వరసలో నిలబెట్టుకొని చూసేదానికి వచ్చింది. తడి మన్నులో చెప్పులు దిగబడతాంటే చేతిలో పట్టుకుంది.

నాయన గింజల చేట ఎత్తి, వదినను దాటి, నేరుగా ఆమె దగ్గరికి పోయినాడు.

"మొదటి పిడికెడు నువ్వు పొయ్యమ్మా."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపం, గుంతకల్లు పిల్ల, దీని అర్థం తెలీదు కదా! అడ్డం పోయి చెప్దామనుకునే లోపల ఆమె దోసిలి పట్టి తీసుకొని, వంగి, జడ్డిగంలో పోసింది.

నేను ఎద్దులు వదిలేసి దగ్గరికి పోయినాను. "మేడం, నువ్వు తెలీక పోసినావు. మా ఊర్లో దీనికి వేరే అర్థం ఉండాది. నాయన తొందరపడినాడు. ఇష్టం లేకుంటే నేను చెప్పి..."

"ఏ అర్థం?"

"మొదటి పిడికెడు... ఇంటి కోడలు..."

నా చెవులు కాలిపోతాండాయి. ఆమె తల ఎత్తలేదు. అరచేతికి అంటిన ఒక్క గింజను మెల్లిగా జడ్డిగంలోకి జార్చింది.

"శెనక్కాయలప్పుడు అడగకుండా తప్పు చేసినా" అంది. "అందుకే ఈసారి ముందే అడిగి తెలుసుకున్న్యా. నిన్న మీ నాయన విత్తేదానికి రమ్మన్నప్పుడే ఉమను అడిగితే, మొదటి పిడికెడు నాతోనే పోయిస్తాడని అంతా చెప్పింది. రాత్రే ఎస్టీడీ బూత్ నుంచి మా నాయనకు కూడా చెప్పేసినా. ఆదివారం వస్తాడంట, నిన్ను చూసేదానికి."

చెప్పి, నా మొగంలోకి సూటిగా చూసింది.

కాళ్ళ కింద తడి మన్ను, కండ్ల ముందు ఆమె. ఇన్ని ఏండ్లు వాన కోసం తప్ప దేనికోసమూ మొక్కనోడిని, ఆ చేనులో ఆ మనిషికి రెండు చేతులూ ఎత్తి మొక్కాలనిపించింది.

"రేయ్ తిప్పేషా!" ఎనక నుంచి నాయన కేక. "పదును ఆరిపోతాంది, ఎద్దులు తోలురా!"